విశాఖలో డిప్లొమా: చదివింది చేతికి రావాలంటే

పదో తరగతి ఫలితాలు వచ్చాక నా షెడ్డుకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "అమ్మా, మా అబ్బాయికి పాలిసెట్‌లో ర్యాంకు వచ్చింది. డిప్లొమాలో చేర్చమంటారా, ఇంటరే చదివించమంటారా?" అని అడుగుతారు. పాలిసెట్ అంటే పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ ఇంజినీరింగు డిప్లొమాకు రాసే ప్రవేశ పరీక్ష. గాజువాక ఆటోనగర్‌లో నాకు చిన్న మెషిన్ షాపు ఉంది. పంపుల షాఫ్టులు (తిరిగే ఇరుసులు), వాటిని ఒకదానితో ఒకటి కలిపే కప్లింగులు, బుష్షులు, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే మరపడవల ప్రొపెల్లర్ షాఫ్టులు మా పని. నేను చదివింది కూడా డిప్లొమా మెకానికలే. ఏటా పాలిటెక్నిక్ పిల్లలు శిక్షణకు మా దగ్గరకు వస్తుంటారు. వాళ్ళలో ఎవరు నిలదొక్కుకున్నారో, ఎందుకు నిలదొక్కుకున్నారో దగ్గరగా చూశాను కాబట్టి, ఈ చదువును ఎలా చదవాలో చెప్పే ధైర్యం చేస్తున్నాను. చేర్చాలా వద్దా అన్నది చదివాక మీకే తేలుతుంది.

డ్రాయింగు చూసి పని అర్థం చేసుకోవాలి. సరిగ్గా కొలవాలి. నలుగురి చేత ఆ పని చేయించాలి. చేసిన పనికి పూచీ పడాలి. డిప్లొమా ఇలాంటి మనిషిని తయారుచేసే చదువు. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళు చేరేదని, బీటెక్‌కు దొడ్డిదారి అని అనుకునేవాళ్ళు మూడేళ్ళూ అలాగే గడిపేస్తారు. తరగతిలో విన్నదాన్ని ఆ వారంలోనే చేత్తో చూసుకున్న పిల్లలకు మాత్రం ఇది చక్కగా వంటబడుతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

ప్రవేశం

ఈ భాగం తేలిక. పాలిసెట్ 120 మార్కుల పరీక్ష, వ్యవధి రెండు గంటలు. గణితం 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పు రాస్తే మార్కులు కోయరు, అందుకని ఏ ప్రశ్ననూ వదిలిపెట్టకండి. ప్రశ్నలు పదో తరగతి స్థాయిలోనే ఉంటాయి. బోర్డు పరీక్షకు బాగా చదివినవాళ్ళు విడిగా కోచింగుకు డబ్బు పోయనక్కర్లేదు, పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకుని చేస్తే చాలు.

కౌన్సెలింగు నాటికి నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం ధ్రువపత్రాలు చేతిలో ఉండాలి. స్కూలు మారిన పిల్లలకు పాత స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికే రోజులు పడుతుంది. ఆ పని మే నెలలోనే ముగించండి.

కళాశాలల ఆప్షన్లు ఇచ్చేటప్పుడు ఇంటి నుంచి దూరం చూడండి. మధురవాడ అవతల నుంచి గాజువాక దాకా రోజూ బస్సులో వచ్చి వెళ్ళే పిల్లల సాయంత్రాలన్నీ ఎన్‌ఏడీ కొత్తరోడ్డు కూడలి రద్దీలోనే కరిగిపోతాయి. డ్రాయింగు షీటు వేయాలంటే కుదురుగా కూర్చునే రెండు గంటలు కావాలి. కళాశాలను చూడటానికి వెళ్ళినప్పుడు ముందు ఆఫీసు గది అడగకండి, వర్క్‌షాపు అడగండి. ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ యంత్రాల కింద ఇనుప రజను కనిపిస్తే అక్కడ పని జరుగుతున్నట్టు. యంత్రాల మీద దుమ్ము పేరుకుని ఉంటే ఇంకో కళాశాల చూసుకోండి. కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి చోట్ల ఫీజు ఏడాదికి కొన్ని వేల రూపాయలే. ర్యాంకు అందితే ప్రభుత్వ కళాశాలకే నా ఓటు.

ఏ బ్రాంచి?

"దేనికి స్కోపు ఉందండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ అమ్మాయి, మీ అబ్బాయి రోజుకు ఎనిమిది గంటలు ఎలాంటి చోట నిలబడగలరో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం. వేడి, చప్పుడు, నూనె మరకలు పడతాయా? ఎత్తు ఎక్కగలరా? రాత్రి షిఫ్టులో ఒంటరిగా మీటర్లు చూస్తూ మెలకువగా ఉండగలరా?

మన ఊళ్ళో ప్రతి బ్రాంచికీ పని జరిగే చోటు కళ్ళెదుటే ఉంది. 1933లో నౌకాశ్రయం వచ్చింది. 1941లో సింధియా నౌకా సంస్థ వాళ్ళు నౌకల నిర్మాణ కేంద్రం మొదలుపెట్టారు, నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు అదే. 1957లో మల్కాపురం దగ్గర చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం రాష్ట్రమంతా ఉద్యమించింది. 1971లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత పరవాడ వైపు సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ, ఇంకొంచెం ముందుకు వెళ్తే అచ్యుతాపురం పారిశ్రామికవాడ. వీటిలో ఏదో ఒకదాని గేటు ముందు సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు పిల్లలను తీసుకెళ్ళి నిలబెట్టండి. బయటికి వచ్చేవాళ్ళలో డిప్లొమా చదివినవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఏం పని చేస్తారని ఒకరిద్దరిని అడిగితే విసుక్కోకుండా చెబుతారు. కౌన్సెలింగు బ్రోషర్లో దొరకని సమాచారం అక్కడ దొరుకుతుంది.

మెకానికల్ తీసుకుంటే ఆటోనగర్ నుంచి షిప్‌యార్డు దాకా ఎక్కడైనా చోటు ఉంటుంది. ఎలక్ట్రికల్ లేని కర్మాగారమే లేదు. లోహాలంటే ఆసక్తి ఉన్నవాళ్ళకు ఉక్కు ఊళ్ళోనే ఉంది కనుక మెటలర్జీ మంచి బ్రాంచి. సివిల్ వాళ్ళు ఎండకు సిద్ధపడాలి.

కెమికల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ బ్రాంచిలో కొన్ని కోర్సులు మూడున్నరేళ్ళు ఉంటాయి, మధ్యలో కర్మాగారంలో శిక్షణ ఇస్తారు. పని ఎక్కువగా కంట్రోల్ రూములో, ట్యాంకుల దగ్గర, లాగ్ పుస్తకం ముందు. గంటకోసారి ఉష్ణోగ్రత, పీడనం, మట్టం చూసి రాయడం చాలామందికి గుమాస్తా పనిలా కనిపిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి ప్రాణాలు తీసిన సంగతి ఈ ఊరు మరిచిపోదు. స్టైరిన్ అనే ద్రవాన్ని చల్లగా ఉంచాలి, అందులో తగినంత నిరోధకం కలపాలి. లేకపోతే దాని అణువులు తమంతట తామే ఒకదానికొకటి అతుక్కోవడం మొదలుపెడతాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. చివరికి ద్రవం ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి నేలబారుగా ఇళ్ళలోకి పాకుతుంది. ట్యాంకు ఉష్ణోగ్రతను ఒక్క చోట కాకుండా పైనా మధ్యలో కిందా ఎందుకు చూడాలో, లాక్‌డౌన్‌లో యంత్రాలు ఆగినా చల్లబరిచే ఏర్పాటు ఎందుకు ఆగకూడదో కెమికల్ విద్యార్థి మొదటి ఏడాదిలోనే అర్థం చేసుకోవాలి. ఆ లాగ్ పుస్తకంలో ఒక అంకెకు గోడ అవతల ఉన్న ఊరంత విలువ ఉంటుంది. ఆ బాధ్యత మోయగలననుకునే పిల్లలే ఆ బ్రాంచికి వెళ్ళాలని నా కోరిక.

మొదటి ఏడాది: డ్రాయింగు, ఆకురాయి

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు మొదటి రెండు నెలలు బెదిరిపోతారు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. దీనికి నేను చూసిన మంచి ఉపాయం ఒకటుంది. పాఠం విన్న సాయంత్రం బొమ్మ మాత్రం చూస్తూ ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి, అమ్మకైనా తమ్ముడికైనా సరే. తెలుగులో తడబడకుండా చెప్పగలిగితే విషయం వచ్చినట్టే. ఆ తర్వాత అదే సంగతిని ఐదారు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. విషయం వంటబట్టాక భాష దానంతటదే దారిలో పడుతుంది. గైడు చూసి ఇంగ్లీషు పేరాలు బట్టీ పడితే పరీక్ష హాలు గేటు దాటగానే అన్నీ ఆవిరైపోతాయి.

డ్రాయింగును మార్కుల సబ్జెక్టులా చూడకండి. మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి వాడతాం: పైనుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకు కింద వస్తుంది, ఎడమ నుంచి చూసినది కుడివైపు వస్తుంది. అమెరికా పద్ధతిలో గీసిన డ్రాయింగుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. ఏ పద్ధతో టైటిల్ బ్లాకులో, అంటే షీటు మూలన వివరాలు రాసే గడిలో, చిన్న శంకువు గుర్తు చెబుతుంది. మన ఊళ్ళో విదేశీ ఓడల భాగాలు, దిగుమతి యంత్రాల భాగాలు పనికి వస్తూనే ఉంటాయి. ఆ గుర్తు చూడకుండా పని మొదలుపెడితే కుడి పక్క ఉండాల్సిన గాడి ఎడమ పక్కకు పోతుంది, ఖరీదైన ఇనుము తుక్కులో పడుతుంది. మా షెడ్డుకు వచ్చిన పిల్లలకు డ్రాయింగు ఇచ్చినప్పుడు వాళ్ళ చూపు ముందు ఎక్కడికి వెళ్తుందో గమనిస్తాను. నేరుగా టైటిల్ బ్లాకుకు వెళ్తే ఆ కళాశాలలో ఎవరో మంచి మాస్టారు ఉన్నారని అర్థం.

ఇక వర్క్‌షాపు. మొదట ఇచ్చేది ఫిట్టింగు, అంటే ఇనుప ముక్కను ఆకురాయితో చతురస్రంగా తీర్చడం. చాలామందికి ఇది విసుగు. కానీ మూడేళ్ళలో చేతికి అసలైన చదువు ఇక్కడే మొదలవుతుంది. ముక్కను బిగించి పట్టే వైసు దవడల పై అంచు మీ మోచేతి ఎత్తుకు సరిపోవాలి. ఎత్తు తక్కువైన పిల్లలు కాళ్ళ కింద చెక్క పలక వేసుకోవాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు బరువు వేస్తే పళ్ళు అరిగిపోతాయి. ముందుకు తోసేటప్పుడు మొదట్లో ఎడమ చేతి బరువు ఎక్కువ, పోను పోను కుడి చేతి బరువు ఎక్కువ కావాలి. ఈ మార్పు రాకపోతే ముక్క అంచులు కిందికి జారి మధ్యలో గూని వస్తుంది. గూని ఉందో లేదో తెలియాలంటే ముక్క మీద మూలమట్టం ఆనించి కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మధ్యలో ఆనుకుని రెండు చివరలా వెలుగు కనిపిస్తే గూని ఉన్నట్టు. అప్పుడు మధ్యలో మాత్రమే నాలుగు దెబ్బలు తీసి మళ్ళీ చూడాలి. ఇలా చూడటం, కొంచెం తీయడం, మళ్ళీ చూడటం అలవాటైన చేతికి ఏ యంత్రమైనా లొంగుతుంది.

మన సముద్రపు గాలి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తోమి మెరిపించిన ఇనుప ముక్కను సాయంత్రం బల్ల మీద వదిలేస్తే, వానాకాలంలో తెల్లారేసరికి తుప్పు మచ్చలు కనిపిస్తాయి. చేతి చెమట తగిలిన చోట వేలిముద్రలు కూడా కనిపిస్తాయి. పని ఆపేముందు గుడ్డతో తుడిచి పలచగా నూనె రాయండి. కొలిచే పరికరాలకూ అంతే.

కొలత

ఇది నాకు ప్రాణప్రదమైన విషయం, కాస్త ఓపిక పట్టండి.

6206 అని రాసి ఉన్న బేరింగును, అంటే షాఫ్టు సాఫీగా తిరగడానికి దాని మీద ఎక్కించే రింగును, చేతిలోకి తీసుకోండి. చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది: 06ను 5తో గుణిస్తే 30 మిల్లీమీటర్లు. ఆ బేరింగు షాఫ్టు మీద జారకుండా కూర్చోవాలంటే షాఫ్టు 30 కన్నా రవ్వంత లావుండాలి. డ్రాయింగులో 30 పక్కన కే6 అని ఉంటే 30.002 నుంచి 30.015 లోపల ఎక్కడైనా ఉండవచ్చని అర్థం. అంటే మీకున్న వెసులుబాటు మిల్లీమీటరులో నూరో వంతుకు కొంచెం ఎక్కువ.

కళాశాలలో కొలవడానికి వాడే వెర్నియరు 0.02 మిల్లీమీటర్ల దాకా చూపిస్తుంది. ఈ పనికి అది చాలదు, ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటరు కావాలి. మైక్రోమీటరును పిడికిలితో బిగించకూడదు, చివర ఉన్న రాచెట్ టిక్కుమనేదాకా తిప్పి ఆపాలి. మొదట దవడలు మూసి, 25 నుంచి 50 దాకా కొలిచే మైక్రోమీటరైతే మధ్యలో 25 మిల్లీమీటర్ల ప్రమాణ కడ్డీ పెట్టి, సున్నా సున్నాలోనే ఉందో లేదో చూడాలి. తేడా ఉంటే చదివిన కొలతలో సరిచేసుకోవాలి.

ఒకసారి శిక్షణకు వచ్చిన ఒక అబ్బాయి లేత్ మీద షాఫ్టు తిప్పి, వెంటనే కొలిచి, "30.008 మేడమ్, సరిగ్గా మధ్యలో ఉంది" అన్నాడు. షాఫ్టును ముట్టుకుని చూస్తే వేడిగా ఉంది. భోజనం చేసి వచ్చి మళ్ళీ కొలవమన్నాను. 29.998 వచ్చింది. బేరింగు వదులు. ఆ అబ్బాయికి వ్యాకోచ గుణకం సూత్రం నోటికి వచ్చు. ఉక్కుకు డిగ్రీకి 0.0000115. దాన్ని 30 మిల్లీమీటర్లతో, 30 డిగ్రీల వేడితో గుణించి చూడమన్నాను. 0.01 వచ్చింది. కాగితం మీది ఆ నూరో వంతే షాఫ్టులోంచి పోయిందని తెలిశాక ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి షాఫ్టును చేత్తో తాకి చూడకుండా మైక్రోమీటరు తీయలేదు. భౌతికశాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివింది పనిలో ఎక్కడ ఎదురవుతుందో ముందే వెతుక్కోండి. ప్రతి పాఠానికీ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. దొరక్కపోతే ల్యాబు మాస్టారును అడగండి, ఆయనకు ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం.

శిక్షణ, డైరీ

75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోవడమే కష్టం, ఆ సంగతి కళాశాల వాళ్ళే చెబుతారు. నేను చెప్పేది ఆఖరి ఏట ఉండే ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ గురించి. పేరున్న పెద్ద కర్మాగారంలోనే చేయాలని అందరికీ ఉంటుంది. పెద్ద చోట క్రమశిక్షణ, భద్రతా పద్ధతులు, పెద్ద యంత్రాలు చూస్తారు, కానీ చేయి పెట్టే అవకాశం తక్కువ. చిన్న షెడ్డులో హంగులు ఉండవు, రెండో వారానికే చేతికి పని వస్తుంది. నన్నడిగితే, కుదిరినవాళ్ళు వేసవి సెలవుల్లో చిన్న షెడ్డులో కొన్ని వారాలు పనిచేసి, ఆరు నెలలూ పెద్ద చోటికి వెళ్ళడం మంచిది. ఎక్కడికి వెళ్ళినా భద్రతా బూట్లు మీ సొంతానివి, మీ పాదానికి సరిపోయేవి కొనుక్కోండి. వదులు చొక్కా, చున్నీ, చేతి గడియారం, ఉంగరం లేత్ దగ్గరకు రాకూడదు. జుట్టు ముడివేసి టోపీ కిందికి తోయాలి.

రోజూ డైరీ రాయండి. "ఈ రోజు పంపు మరమ్మతు చూశాను" అని రాస్తే అది డైరీ కాదు. నాకు నచ్చిన ఒక పేజీ ఇలా ఉంది:

"పంపు నుంచి చప్పుడు, బేరింగు వేడి. విప్పాం. బేరింగు 6308. లోపలి రింగు షాఫ్టు మీద తిరిగిపోతోంది, షాఫ్టు మీద నీలి మచ్చలు. షాఫ్టు కొలత 39.96. ఉండాల్సింది 40.002 నుంచి 40.018. వెల్డింగుతో నింపి మళ్ళీ లేత్ మీద కొలతకు తిప్పారు. కప్లింగు వరుస తప్పిందని కూడా చెప్పారు. అసలు కారణం అదేనా? రేపు డయల్ గేజీ పెట్టినప్పుడు చూడాలి."

ఫిర్యాదు, కనిపించింది, కొలత, ఉండాల్సిన కొలత, చేసిన పని, తేలని ప్రశ్న. ఈ ఆరూ ఉన్నాయి. బొమ్మ కూడా గీస్తే ఇంకా మంచిది, చేతి గీత చాలు. కర్మాగారం లోపల ఫోటోలు తీయడానికి చాలాచోట్ల అనుమతి ఉండదు, అందుకే గీయడం అలవాటు చేసుకోవాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు విడిగా ఒక మాట. మా మెకానికల్ తరగతిలో అమ్మాయిలం ముగ్గురమే. ఇప్పుడు శిక్షణకు వచ్చే బ్యాచీల్లో అంతకన్నా ఎక్కువమందే కనిపిస్తున్నారు. ఖచ్చితమైన కొలత, టర్నింగు, తనిఖీ పనుల్లో బలం కన్నా ఓపికకు విలువ. బరువులెత్తడానికి చైన్ బ్లాకు ఉంది, అది అందరికీ ఒకటే. చేర్చే ముందు ఆ చోట మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. షిఫ్టు అయ్యాక ఇంటికి బస్సు దొరుకుతుందా అన్నది కూడా చూసుకోండి. అవి ఉన్నచోట పంపడానికి భయపడకండి.

చదువు అయ్యాక

రెండు దారులు. మొదటిది అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా పూర్తిచేసినవాళ్ళకు ఏడాది శిక్షణ ఉంది, ఆ ఏడాదంతా స్టైపెండ్ ఇస్తారు. జాతీయ అప్రెంటిస్ శిక్షణ పథకం పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు వంటి సంస్థల ప్రకటనలు వస్తుంటాయి. మార్కుల మెమోలు చేతికి రాగానే నమోదు ముగించండి, ప్రకటన పడ్డాక గడువు తక్కువ ఉంటుంది. శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం చట్టంలో లేదు. ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం. ఆ ఏడాదిని అనుభవం కోసం, సర్టిఫికెట్ కోసం చేయండి.

రెండోది ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడం. 200 మార్కులు, మూడు గంటలు. గణితం 50, భౌతికశాస్త్రం 25, రసాయనశాస్త్రం 25, మీ బ్రాంచి 100. మొదటి ఏడాది గణితం, భౌతికం, రసాయనం పుస్తకాలు అమ్మేసినవాళ్ళకు ఈ వంద మార్కులు చేజారుతాయి. వాటిని దాచుకోండి. శిక్షణ ఆరు నెలల్లో రోజుకు గంట చొప్పున గణితం తిరగేస్తే పరీక్ష నాటికి చేయి ఆడుతూ ఉంటుంది. ఇంట్లో డబ్బు అవసరం ఉంటే ముందు అప్రెంటిస్‌షిప్ చేసి ఆ మరుసటి ఏడాది ఈసెట్ రాసినవాళ్ళూ ఉన్నారు. పని చేసి వెళ్ళిన పిల్లలకు బీటెక్ ల్యాబులు కొత్తగా అనిపించవు.

ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు మెమోలతోపాటు ఆ శిక్షణ డైరీ కూడా తీసుకెళ్ళండి. నేను మనుషులను తీసుకునేటప్పుడు అందులో ఏదో ఒక పేజీ తెరిచి, ఆ రోజు తేలని ప్రశ్నకు తర్వాత జవాబు దొరికిందా అని అడుగుతాను.